పది ఖాళీ కాగితాలు

శాసనసభ్యుడి ఇంట్లో ముందుగది. కిటికీ దగ్గర ఆయన, బల్ల దగ్గర ఆయన పీఏ, గుమ్మం పక్కన కుర్చీలో ఆయన పిన్ని.

"...కనుక అధ్యక్షా, ఊరి తాళంచెవి ఊరి చేతిలోనే ఉండాలి. రాజధానిలో కూర్చున్న మనకి ఎక్కడో ఊళ్ళో వీధి దీపంతో ఏం పని? ఎలా ఉందయ్యా?"

"అద్భుతం సార్. ఇక్కడ బల్లలు చరుస్తారు."

"చరుస్తారంటావా?"

"మనవాళ్ళు చరుస్తారు సార్. చెప్పి ఉంచాను."

"నేనూ చరిచేదాన్నే నాయనా. బల్ల దూరంగా ఉండిపోయింది."

"అరె, పిన్నీ. ఎంతసేపైంది వచ్చి?"

"నువ్వు మొదటి 'అధ్యక్షా' అన్నప్పుడు వచ్చాను. ఇప్పటికి పదకొండు 'అధ్యక్షా'లు అయ్యాయి."

"రేపు సభలో బిల్లు పిన్నీ. నేనే మాట్లాడాలి. అధికారాలన్నీ పంచాయతీలకి ఇచ్చేయాలని. అంటే ఎవరికి? నీకే. ఊరి ప్రెసిడెంటువి నువ్వేగా."

"అవునట. బోర్డు మీద రాశారు, చూశాను."

"ఎగతాళి చేయకు. నిన్ను నిలబెట్టింది ఎవరు?"

"నువ్వే నాయనా. ఈసారి సీటు ఆడవాళ్ళకి వచ్చింది, మా పిన్ని అయితే నోరెత్తదు అన్నావట. ఎత్తానా ఈ మూడేళ్ళలో?"

"లేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి."

"అమ్మగారు చాలా సహకరిస్తారు సార్. పంచాయతీ లెటర్‌హెడ్ల మీద ముందే సంతకాలు పెట్టి ఇచ్చేశారు. నా దగ్గర ఇంకా ఇరవై రెండున్నాయి. ఏ తీర్మానం కావాలన్నా మనమే టైపు చేసుకుంటున్నాం."

"చూశావా పిన్నీ, నీకు శ్రమే లేదు. నేను మాత్రం ఇవ్వలేదా? నా లెటర్‌హెడ్లు పది, సంతకం పెట్టి మరీ నీ చేతికిచ్చాను. ఊళ్ళోవాళ్ళు సిఫారసు ఉత్తరాలంటూ ఇంత దూరం వచ్చి నా ప్రాణం తీయకుండా."

"ఇచ్చావు. బీరువాలో చీరల కింద దాచాను, చెమ్మ తగలకుండా."

"దాన్నే నమ్మకం అంటారు. రాసుకోవయ్యా, ఇదీ ప్రసంగంలో పెడదాం. కాగితాల సంగతి వద్దు, నమ్మకం వరకే."

"రాసుకున్నాను సార్."

"సరే పిన్నీ. బడిలో ఆడపిల్లల బాత్రూముల తాళం గురించేగా నువ్వొచ్చింది?"

"నేను తాళం పేరెత్తానా?"

"ఎత్తకపోయినా తెలుసు. నాలుగు నెలల నుంచీ అదే గొడవ. కట్టించాం, టైల్సు వేయించాం, నీళ్ళ ట్యాంకు పెట్టించాం. ప్రారంభోత్సవం అయ్యేదాకా తాళం ఉండాలి మరి. ఆ తాళంచెవి ఎక్కడుందయ్యా?"

"మీ డ్రాయర్లోనే సార్. భద్రంగా ఉంది."

"భద్రంగా ఉందట పిన్నీ."

"ఉండనీ నాయనా. ఊరి తాళంచెవి ఊరి చేతిలోనే..."

"అది ప్రసంగం పిన్నీ."

"అదే, ప్రసంగమే. బాగుందంటున్నాను."

"ఈ ఆలస్యం నా వల్ల కాదు, రాయి వల్ల. చెప్పవయ్యా, పిన్నికి."

"శిలాఫలకం అమ్మగారూ. మొదటి రాయి మీద మంత్రిగారి పేరు కన్నా మన సార్ పేరు అంగుళం పెద్దదొచ్చింది. పగలగొట్టించాం. రెండో రాయి చెక్కేలోపు మంత్రిగారే మారిపోయారు. మూడోది మొన్ననే వచ్చింది."

"వచ్చింది, చూశాను. తలుపు కన్నా వెడల్పుంది, గోడకి ఆనించి పెట్టారు. ముందు రాయి నిలబెట్టి, దానికి తగ్గట్టు గది కట్టాల్సింది కదమ్మా అన్నాడు మేస్త్రీ."

"మేస్త్రీకి చమత్కారం ఎక్కువైంది."

"పెద్ద తరగతుల ఆడపిల్లలకి ఆ చమత్కారం రాలేదు నాయనా. పొద్దున ఇంటి దగ్గర బయల్దేరేముందు గుక్కెడు నీళ్ళు తాగేవాళ్ళు కాదు. సాయంత్రం దాకా అంతే. ఒకమ్మాయి లెక్కల పరీక్ష మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయింది. ముగ్గురిని ఇళ్ళల్లో చదువే మాన్పించారు. నెలలో ఆ నాలుగు రోజులైతే ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు."

"అవన్నీ ఇప్పుడు, ఇతని ముందు ఎందుకులే పిన్నీ."

"నిజమే. వినడానికే నీకింత సిగ్గైతే, పొలం గట్టు దాకా వెళ్ళి కూర్చోవడానికి వాళ్ళకెంత ఉండాలి."

"నాకు మాత్రం బాధ లేదా? సరే, తేదీ ఇచ్చేస్తాను. వచ్చే గురువారం పెట్టుకుందాం. ఏమయ్యా?"

"గురువారం కొత్త మంత్రిగారు ఊళ్ళో ఉండరు సార్."

"పై వారం?"

"పై వారం మీరుండరు సార్. అధికార వికేంద్రీకరణ మీద సదస్సు. మూడు రోజులు, సముద్రం ఒడ్డున హోటల్లో."

"అంత దూరం వెళ్ళి నేర్చుకుంటున్నావా నాయనా, మాకెలా ఇవ్వాలో."

"వచ్చే నెల ఖాయం పిన్నీ, నా మాట నమ్ము. అప్పటిదాకా ఎవరూ ఆ తాళం ముట్టుకోకూడదు. హెడ్మాస్టరమ్మకి కూడా గట్టిగా చెప్పు."

"ఆవిడకి చెప్పాలా? పాపం మహా భయస్థురాలు. పైనుంచి కాగితం లేనిదే సుద్దముక్క కూడా విరవదు."

"అలా ఉండాలి మనిషంటే. ఫోన్ మోగుతోంది, చూడవయ్యా."

"హలో... అవునండీ, పీఏనే... ఎవరు, మా సారా?... ఎప్పుడు?... ఒక్క నిమిషం ఉండండి. సార్, పత్రికవాళ్ళు. మీ ఫోటో కావాలట."

"బిల్లు గురించా?"

"బాత్రూముల గురించి సార్. మీరు ప్రారంభోత్సవం వద్దన్నారట. శిలాఫలకం కూడా వద్దన్నారట. పదో తరగతి ఆడపిల్లలతోనే తలుపు తెరిపించమని హెడ్మాస్టరమ్మకి ఉత్తరం రాశారట. సోమవారం తెరిచేశారట. మాన్పించిన పిల్లల్లో ఇద్దరు మళ్ళీ బడికి వస్తున్నారట. రేపు మొదటి పేజీలో వేస్తారట, ఆదర్శ శాసనసభ్యుడని."

"నేనా? నేనెప్పుడు రాశాను?"

"లెటర్‌హెడ్ మీదేనట సార్. సంతకమూ మీదేనట."

"తాళంచెవి నా డ్రాయర్లో ఉంటే తలుపెలా తెరిచారు?"

"మేస్త్రీ తెరిచాడు నాయనా, సుత్తితో. తాళంచెవి కోసం నా దాకా రానక్కర్లేదు, పగలగొట్టుకోండి అని ఉత్తరంలో రాసి ఉందిగా. హెడ్మాస్టరమ్మ రెండుసార్లు చదువుకుంది. మీ అక్క కొడుకు ఎంత మంచివాడండీ అని కళ్ళు తుడుచుకుంది."

"పిన్నీ. నువ్వేనా?"

"నేనెక్కడ సంతకం పెట్టాను నాయనా? నా సంతకాలన్నీ ఇక్కడే ఉన్నాయిగా, ఇరవై రెండు."

"సార్, అతను లైన్లోనే ఉన్నాడు. పార్టీ పెద్దలు కూడా మిమ్మల్ని మెచ్చుకున్నారట. ఆ ఉత్తరం మీరు రాయలేదని చెప్పేయమంటారా?"

"నోరు ముయ్యవయ్యా."

"సరే సార్."

"రాశారని చెప్పు. చాలా రోజులు ఆలోచించి రాశారని చెప్పు. ఆ తెల్ల చొక్కా ఫోటో పంపు, నవ్వుతున్నది. ప్రసంగంలో కూడా రాసుకో. అధ్యక్షా, నేను మాటలతో సరిపెట్టే మనిషిని కాను."

"ఇక్కడ అవతలి పక్షంవాళ్ళు కూడా బల్లలు చరుస్తారు సార్."

"అయితే పిన్నీ, తాళం కోసం కానప్పుడు ఇంత పొద్దున్నే ఎందుకొచ్చినట్టు?"

"చిన్న పనే నాయనా. నువ్విచ్చిన పదీ అయిపోయాయి. ఇంకో పాతిక సంతకాలు పెట్టివ్వు, నా బస్సు టైమవుతోంది."