సీసాలమ్మ తెచ్చిన మురుగు

ఆస్పత్రి ఎదురుగా ఉన్న టీ కొట్టులో సీసాలమ్మ కూర్చుంటోంది, లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. మురుగునీటి శుద్ధి కేంద్రంలో సీసాలతో నీళ్ళు పట్టి పరీక్షకి పంపే పని ఆమెది. అసలు పేరు అందరూ ఎప్పుడో వదిలేశారు. పక్కనే చక్రాల కుర్చీలో వాళ్ళక్క ఉంది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. మిషను తొక్కే కుడికాలు మోకాలిదాకా కట్టుతో ముందుకి చాపి ఉంది.

ఆ కాలి పుండులోని బ్యాక్టీరియాని ఏ మందూ కదిలించలేకపోయింది. దాన్ని తినే వైరస్ మురుగునీటిలో దొరకొచ్చని, దొరికితే దాన్నే మందుగా వాడొచ్చని ల్యాబ్ వాళ్ళన్నారు. సీసాలమ్మ పరుగున వెళ్ళి ఒక సీసాడు మురుగు తెచ్చింది. అందులో ఏమీ దొరకలేదు. రెండో సీసా తెచ్చింది. దాని ఫలితం ఈ పూట చెబుతారు. అందులోనూ లేకపోతే రేపు పొద్దున కాలు తీసేస్తారు.

"దొరక్క ఎక్కడికి పోతుంది?" అంది సీసాలమ్మ, ఎవరూ అడక్కుండానే. "పట్టింది ఎవరు? నేను. ఊరి మురుగంతా వచ్చి పడే కాలవ దగ్గరికి మా ఇంజనీరు ముక్కుకి గుడ్డ కట్టుకుని గానీ రాడు. నేను ముక్కు మూసుకోలేదు, మొహం తిప్పుకోలేదు. వంగాను, ముంచాను, మూత పెట్టాను. అంతే."

"అంతేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"అంతే అంటే మరీ అంతే కాదులే. వంగాను అన్నానా, ఆ కాలవ లోతు రెండు నిలువులు. అందుకని గట్టుమీద కమ్మీకి కాళ్ళు మెలేసి తలకిందులుగా వేలాడాను. ఎంతసేపనుకున్నావు? పొద్దుటి షిఫ్టు వాళ్ళు దిగి సాయంత్రం షిఫ్టు వాళ్ళు ఎక్కేదాకా."

డ్యూటీ దిగి టీ తాగుతున్న ఆస్పత్రి వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టేశాడు. "మరి ఊపిరో పెద్దమ్మా?"

"పైన ఉన్నప్పుడు ఒకటి పీల్చుకున్నాను, దాంతోనే సర్దుకున్నాను." ఆమె మెడ చాచి ఎదుటి మేడమీద ల్యాబ్ కిటికీ వైపు చూసింది. "ఎవరో కదిలారా అక్కడ? కాదులే, కర్టెను. ఆ, విను. నీళ్ళలో చెయ్యి పెట్టానో లేదో, వేళ్ళకి ఒకటే గిలిగింతలు. ఏంటా అని చూస్తే వైరస్సులు!"

"అవి కంటికి కనపడవు కదా?"

"నీ కంటికి కనపడవు. ఇన్నేళ్ళు ఆ నీళ్ళే చూసిన కళ్ళివి. పలకలు పలకలుగా తల, కింద సన్నటి గొట్టం, దాని కింద సాలీడుకున్నట్టు కాళ్ళు. మనుషుల్ని ఏమీ అనవు పాపం. బ్యాక్టీరియా కనపడిందా, దాని వీపు మీద కాళ్ళు మోపి కూర్చుంటుంది, గొట్టంలోంచి తన సరుకు లోపలికి దించుతుంది, కాసేపటికి దాని పొట్ట పగిలి బిలబిలమంటూ పిల్లలు బయటికొస్తాయి, అవన్నీ మళ్ళీ వేటకి పోతాయి. ఇదంతా ల్యాబ్ వాళ్ళు చెప్పింది. ఇక నేను చూసింది చెబుతాను."

"మొదలైంది," అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

"నువ్వుండక్కా, మధ్యలో ఆపితే మర్చిపోతాను. ఎక్కడున్నాను? ఆ, గిలిగింతలు. ఒక్కో వైరస్ ఒక్కో జాతి బ్యాక్టీరియానే తింటుంది, పక్కదాన్ని వాసన కూడా చూడదు, అచ్చం మా చిన్నాడబిడ్డ లాగే, వడ్డించిన ప్రతిదానికీ ఒక వంక. అందుకని ఆ కాలవలో తల పెట్టి గట్టిగా అడిగాను, మా అక్క కాల్లో ఉన్నదాన్ని తినేవాళ్ళెవరో వాళ్ళు మాత్రమే ఇటు రండి అని. నీళ్ళు గలగలా పారేవి కాస్తా ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమైందో చెప్పుకో చూద్దాం!"

"వరసలో నిలబడి ఉంటాయి," అన్నాడు టీ కొట్టాయన, పాలు కలుపుతూ.

"నీకెలా తెలుసు?"

"నువ్వు చెబుతుంటే ఇంకేం చేస్తాయిలే సీసాలమ్మా, నిలబడక."

"నిలబడ్డాయి! ముందు ముసలివి, వెనక పడుచువి. ఒక్కోదాన్నీ పేరు పేరునా పలకరించి సీసాలోకి దించాను. అయితే మిగతా జాతుల వాటికి రోషం వచ్చింది, మమ్మల్ని పిలవలేదేమని. వచ్చి ఊరుకున్నాయా? కాలవ గట్టు దాటి, గొట్టాలు పట్టుకుని పాకి, ఇళ్ళలోకి జొరబడ్డాయి. మర్నాటికి ఊరు మొత్తం మీద ఒక్క బ్యాక్టీరియా మిగల్లేదు. ఎవరింట్లోనూ పాలు తోడుకోలేదు. చెత్తకుప్ప కుళ్ళడం మానేసింది, ఎప్పుడో పారేసిన టమాటాలు దానిమీద నిగనిగలాడుతున్నాయి. మందుల షాపాయన కౌంటరు మీద తల పెట్టుకుని గురక. పళ్ళ డాక్టరైతే మా గుమ్మంలో కూలబడి, అమ్మా, నా పిల్లల మొహం చూసి ఒక్క పన్నైనా పుచ్చనివ్వండి అని ఏడుపు!"

"నాకు పోయిన వారమేగా కడుపు చెడింది?" అన్నాడు వాచ్‌మన్.

"అది భయంతో చెడింది. దానికీ బ్యాక్టీరియాకీ సంబంధం లేదు."

"ఏమే," అంది అక్క. ఇప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఊరు ఊరంతా ఊడ్చేసినవి, నా కాలొక్కటీ ఎందుకొదిలేశాయే?"

సీసాలమ్మ టీ గ్లాసు ఎత్తింది. అది ఎప్పుడో ఖాళీ అయింది. అయినా ఒక గుక్క తాగినట్టు చేసి పెట్టేసింది.

"అదే చెబుతున్నానుగా. నీ కాలికోసం ఏరినవి వేరు. అవి సీసాలో ఉన్నాయి, బయట తిరిగినవాటితో కలవలేదు. అవి పెద్దింటి పిల్లల్లాంటివి."

అప్పుడే తెల్లకోటు వేసుకున్న ల్యాబ్ అమ్మాయి రోడ్డు దాటి వచ్చింది. అక్క కాలి వైపు చూసింది, ఏదో చెప్పబోయి ఆగింది. సీసాలమ్మ ఆ మొహం ఒక్కసారి చూసి గొంతు పెంచింది.

"రామ్మా, కూర్చో, టీ తాగు. మంచి పట్టులో ఉంది కథ. ఆ తప్పిపోయిన వాటిని వెనక్కి పిలవాలా వద్దా? నేనే పిలవాలి, నా మాట తప్ప ఎవరి మాటా వినవాయె. మంచినీళ్ళ ట్యాంకు ఎక్కాను, చప్పట్లు కొట్టాను. పడమటి వైపు ఆకాశం నల్లబడింది..."

"అమ్మా," అంది ల్యాబ్ అమ్మాయి.

"...మబ్బనుకున్నారు అందరూ! మబ్బు కాదు, అవే. సముద్రాలు దాటి పోయినవి కూడా తిరిగొస్తున్నాయి. పట్టపగలు వీధి దీపాలు వెలిగించుకున్నారు, విమానాలు దిగడానికి దారి లేక అక్కడే గాల్లో చుట్లు కొడుతున్నాయి, లోపలి జనం కిటికీల్లోంచి నాకు దణ్ణాలు పెడుతున్నారు..."

"అమ్మా, ఒక్క నిమిషం. ఫలితం..."

"ఉండమంటున్నానా!" సీసాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె తడబడుతూనే అందుకుంది. "ఫలితం మంచిదే అవుతుంది, నాకు తెలుసు. ఎందుకంటే, అలాంటి సీసా నువ్వు పుట్టాక చూసి ఉండవు. నువ్విచ్చిందే, మూత చుట్టూ కాగితం అంటించి ఇచ్చావే, అదే. కానీ ఇంకొకరు కడిగిన సీసాని నమ్మే మనిషినా నేను? ఆ కాగితం పీకేసి, చిక్కటి బ్లీచింగ్ పౌడరు నీళ్ళు పోసి, తోమి తోమి అద్దంలా చేశాను. పైగా ఇంత పెద్ద ఆస్పత్రికి కంపు కొట్టే సీసా తెస్తానా? అడుగున ఒక చిటికెడు పౌడరు వదిలి, దానిమీద పట్టాను మురుగు. మూత తీస్తే కంపు కొట్టిందా? నువ్వే చెప్పు, కొట్టిందా?"

ల్యాబ్ అమ్మాయి నిలబడినదల్లా బెంచీ మీద కూర్చుండిపోయింది.

"మొదటి సీసా కూడా అలాగే కడిగారా?"

"నేనెప్పుడూ అలాగే కడుగుతాను."

"మురుగులో అసలు ప్రాణమున్నదేదీ లేకపోవడమేంటా అని పొద్దుట్నుంచీ తలలు పట్టుకున్నాం. వైరస్సులు లేక కాదమ్మా. మీరే దారిలో చంపేసి తెచ్చారు. రెండుసార్లూ."

సీసాలమ్మ నోరు తెరిచే ఉంది. అందులోంచి మాట రాలేదు. అదే మొదటిసారి, ఆ కొట్టులో అందరికీ తెలిసినంతలో. టీ పొంగి స్టవ్ మీద పడుతుంటే టీ కొట్టాయన చూసుకోనేలేదు.

"అయితే," అంది అక్క మెల్లగా, "దొరకలేదని కాదు. ఇంకా వెతకనే లేదన్నమాట."

"వెతకనే లేదండీ." ల్యాబ్ అమ్మాయి లేచింది. "రేపటి ఆపరేషను ఇంకో సీసా చూసేదాకా ఆపమని డాక్టరుగారిని ఇప్పుడే అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు. కానీ చెప్పడానికి ఇప్పుడొక కారణం ఉంది. అమ్మా, నాతో రండి, కొత్త సీసా ఇస్తాను."

సీసాలమ్మ కూడా లేచింది. "కడక్కపోతే కంపు కొడుతుంది మరి," అంది, చిన్నపిల్ల గొంతుతో.

"కొట్టాలి," అంది ల్యాబ్ అమ్మాయి.

"పోవే, బేగి పో," అంది అక్క, చేత్తో తోస్తూ. "మరీ కడగాలనిపిస్తే దారిలో ఎక్కడైనా ఆగి ఆ నోరు కడుక్కో. సీసా జోలికి పోయావో, ఈ కాలితోనే తంతాను."