గొర్రె బొమ్మ రేకు తీసి బండిని కనుమ దాటించిన శ్రీ కల్చో దాలెవ్ గారికి

1986 మార్చి 3వ తేదీ సోమవారం ఉదయం, మణికట్టుకు వసంతారంభపు ఎరుపు తెలుపు దారాలతో, నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ కల్చో దాలెవ్ గారు మన కామెన్‌బ్రెస్త్ పురపాలక వాహనశాలలో సహాయ మెకానిక్కుగా అడుగుపెట్టారు. పూత పూసిన కొమ్మకు కట్టేదాకా విప్పకూడని ఆ దారాలను, ఇంజను బెల్టుకు చుట్టుకుంటాయన్న భయంతో నాటి ఫోర్‌మన్ గారు మొదటి గంటలోనే విప్పించి కిటికీ చువ్వకు కట్టించారట. నాటి నుండి నేటి వరకు ఆయన బాగుచేయని బండి లేదనడం అతిశయోక్తి అవుతుంది గనుక, ఆయన తిట్టని బండి లేదని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాను.

విడిభాగాలు దొరకని తొంభైల నాటి దుర్దినాలలో మంచు తోసే లారీలను, చెత్త లారీలను ఒకదాని అవయవాలు మరొకదానికి అమర్చి నడిపించిన ఘనత వారిదే. ఫోర్‌మన్ పదవిని అలంకరించే నాటికి కొత్త తరం డీజిలు వ్యాన్లు, వాటితో పాటు ఈజీఆర్ అనే కొత్త తలనొప్పి మన శాలలో ప్రవేశించాయి. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ఆ ఏర్పాటుకు మసి పట్టక తప్పదు. మసి పట్టగానే, గొర్రె బొమ్మ ముద్రించి ఉండే చీజు డబ్బా రేకు కత్తిరించి ఆ దారిని మూసివేయడం మన దేశంలో మెకానిక్కులందరికీ తెలిసిన విద్యే. రేకు నడుమ చిన్న రంధ్రం వేస్తారు; ఆ కాస్త పొగ పోతుంటే అంతా సవ్యంగా ఉందని కంప్యూటరు నమ్మి, ఇంజన్ లైటు వెలిగించదు, ఇంజను బలం తగ్గించదు.

ఈ విద్యను మన శాల నుండి బహిష్కరించిన వారు కల్చో గారు. వాల్వు విప్పి, ద్రావకం చల్లి నానబెట్టి, మెత్తని బ్రష్షుతో మసి తీసి, కొత్త ప్యాకింగు వేసి బిగించడమే ఆయన మాకు నేర్పిన క్రమం. స్క్రూడ్రైవరుతో గీకినవాడికి ఆ పూట అక్షింతలు తప్పేవి కావు. "ముక్కు మూసుకుని నువ్వు కొండెక్కగలవురా? మరి బండి ఎలా ఎక్కుతుంది?" అని అడిగేవారు.

ఇక గడచిన శీతాకాలపు సంగతి. వారానికి మూడు మార్లు ఆరుగురు రోగులను కనుమ మీదుగా నగరంలోని ఆసుపత్రికి డయాలసిస్ నిమిత్తం తీసుకువెళ్ళే వ్యానుకు, ఈ వ్యాసం వ్రాస్తున్న నేను, అనగా వెలిన్, డ్రైవరును. జనవరిలో సరిగ్గా ఎత్తు మీద ఇంజన్ లైటు వెలిగి, బండి పాకడం మొదలుపెట్టింది. బయటి గ్యారేజీలో కొత్త వాల్వు వేయించినా మరుసటి వారమే లైటు మళ్ళీ వెలిగి, మంచులో బండి ఆగిపోయింది. ఉప మేయరు గారు తేల్చి చెప్పారు: ఇంకొక్కసారి ఆగితే ఈ సేవ రద్దు, రోగులు నగరంలోనే గదులు చూసుకోవాలి. ఆ మాట విని, ఆ ఆరుగురు రోగుల్లో ఒకరైన, తేనెటీగలు పెంచుకుంటూ అవే లోకంగా బతికే రూష్కా పెద్దమ్మ వెనక సీట్లోంచి, "ఆరో అంతస్తులో నన్ను కూర్చోబెడితే మీ మిషను అక్కర్లేదురా నాయనా, బెంగతోనే పోతాను" అన్నది.

కల్చో గారు స్కానరు తగిలించి, ఇంజను నడుస్తుండగానే వాల్వును పూర్తిగా తెరిపించారు. పొగ నిజంగా లోపలికి వస్తే ఇంజను ఊపిరాడక కుంటాలి. అది ఏమీ ఎరగనట్టు హాయిగా నడిచింది.

"వాల్వు బంగారంలా ఉంది. పొగే రావట్లేదు. దారి ఎక్కడో పూడుకుంది," అంటూ, ఆ వయసులో బండి కిందికి దూరి, ఇంజను వెనక ఎవరి చెయ్యీ అందని చోట గొట్టం కీలు విప్పారు. అందులోంచి మసి కారుతూ ఒక రేకు బయటపడింది. తుడిచి చూస్తే దాని మీద గొర్రె బొమ్మ. గొర్రె కంట్లో రంధ్రం, ఆ రంధ్రం నిండా గట్టిపడిన మసి.

మా ఝివ్కో మెకానిక్కు ఎగిరి గంతేశాడు. "అన్నా, ఇది ఆ బయటి గ్యారేజీ వాళ్ళ పనే! ఉప మేయరుకి పంపిద్దాం, వాళ్ళ తిక్క కుదురుతుంది!"

కల్చో గారు రేకును వెలుతురులో పెట్టి కాసేపు చూశారు.

"ఆ గొర్రె నాదేరా ఝివ్కో."

"నీదేంటి?"

"డ్రిల్లు జారకుండా కన్ను మీదే పెట్టేవాణ్ణి నేను. ఈ బండి మన దగ్గరికొచ్చిన మొదటి చలికాలం, వాల్వు దొరక్క వేశాను. వసంతంలో తీసేద్దామనుకుని మర్చిపోయా."

"అయితే పారేద్దాం అన్నా. ఎవడికి తెలుస్తుంది? రిటైరయ్యే ముందు నీకెందుకీ గోల?"

"నాకు తెలిసింది కదరా," అని, గొట్టమంతా శుభ్రం చేసి, చేతులైనా కడుక్కోకుండా ఉప మేయరు గారి గదికి వెళ్ళి రేకును బల్ల మీద పెట్టి వచ్చారు. వారు ఏమన్నారో ఆయన మాకు చెప్పలేదు గాని, తిరిగి వచ్చినప్పుడు చెవులు ఎర్రగా ఉన్నాయి.

మరునాడు రోగులందరి ముందూ అదే మాట చెప్పి టోపీ తీసి నిలబడ్డారు. రూష్కా పెద్దమ్మ ఆయనను ఎగాదిగా చూసి, "సరేలే గాని, ఆ చీజంతా ఒక్కడివే తిన్నావా?" అని అడిగింది. ఆ నవ్వులతో నా గుండెల మీది బండ దిగింది. ప్రయాణం నీళ్ళలా సాఫీగా సాగాలన్న ఆచారం ప్రకారం ఆమె రాగి చెంబుతో బండి ముందు నీళ్ళు పోసి ఎక్కింది. కల్చో గారు నా పక్కన కూర్చున్నారు. ఎత్తు మొదలైంది. నా కళ్ళు రోడ్డు మీద కంటే లైటు మీదే ఎక్కువగా ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. లైటు వెలగలేదు. బండి కనుమ శిఖరం దాటి దిగడం మొదలుపెట్టినప్పుడు కల్చో గారు పెద్దగా ఊపిరి వదిలి, కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. మసి పడిందన్నారు. ఆ రోజు బండిలో మసి లేదు.

ఆ బండి నేటికీ ఆగలేదు, సేవ రద్దు కాలేదు. తప్పు తమదని తెలిసిన క్షణాన దానిని ఎత్తి చూపగల పెద్దవారి చేతి కింద పనిచేయడం మా అదృష్టం. వారి ధర్మపత్ని శ్రీమతి వెనెతా గారికి మసి బట్టలు ఉతికే ఉద్యోగం నుండి నేడే విరమణ లభిస్తున్నందుకు వారిని కూడా హృదయపూర్వకంగా అభినందిస్తున్నాము.

ఇటువంటి వ్యాసాలను ఆయురారోగ్యాలు కోరి ముగించడం మర్యాద. ఆయుష్షును వారానికి మూడుసార్లు కొండ దాటి తెచ్చుకునే వారికంటే ఆ కోరిక కోరే అర్హత ఎవరికి ఉంటుందని, నిన్న ఆసుపత్రి నుండి వస్తూ రూష్కా పెద్దమ్మనే అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు వ్రాస్తున్నాను:

"నూరేళ్ళు బతకమన్నానని రాయి. ఒంట్లో నలత లేకుండా బతకమను. బతికాడో లేదో నేనే వచ్చి చూసుకుంటాను, బండి ఉందిగా."