ఇంటిపేరు పరీక్ష

తరిగొప్పుల దగ్గరి తండా. చేనులో పత్తి ఏరుతూ జైసింగ్, అతని భార్య గోరీ.

“డీఎన్‌ఏ పరీక్షకు నీ ఉమ్మి ఇచ్చినవు, బాగనే ఉన్నది. గా జమున వాళ్ల అన్నతోని ఎందుకు ఇప్పిచ్చినవు? గది చెప్పు.”

“మల్ల గదే లొల్లా గోరీ? బానోతు అనే ఇంటిపేరు మాకు ఏడికెల్లి వచ్చిందో తెల్వాలంటే ఒక్కని ఉమ్మి సరిపోదు. ఇంకొక బానోతు మొగోనిది పక్కన పెట్టి చూడాలె. లాబోళ్లు గట్లనే అన్నరు.”

“మన తండా నిండ బానోతోళ్లే ఉన్నరు. ఎవ్వలు దొరకలే నీకు. పక్క తండాకు వోయి నరేశ్‌ను పట్టుకున్నవు.”

“నరేశ్ నా దోస్తు.”

“జమున అన్న.”

“దోస్తు అంటున్న.”

“నేను జమున అన్న అంటున్న.”

“పత్తి ఏరు. మబ్బు వట్టింది.”

“పట్టనియ్. మీ తాత కరువుల ఏడికెల్లో వస్తే బానోతోళ్లు సాదుకున్నరని, వాళ్ల పేరే పెట్టుకున్నడని అంటరు. గది నిజమైతే నువ్వు బానోతు కాదు. బానోతు కాకుంటే జమున నీకు చెల్లె కాదు. గందుకే గద నీకీ పరీక్ష?”

“కాలేజీల ఎవరో చేయించుకున్నరని మన సౌందర్య చెప్తే, నేను సుత చూద్దామనుకున్న. అంతే.”

“బిడ్డ మీదికి నూకకు. మీ అవ్వనే చెప్పింది నాకు. జమునను చేసుకుంట అని అన్నం మానేసినవట. ఒకటే ఇంటిపేరు, అన్నాచెల్లెండ్లయితరు, తప్పు అని పెద్దమనుషులు ఆపిండ్రట. గప్పుడు నన్ను తెచ్చిండ్రు.”

“గవన్ని ఎప్పటియో. ఇప్పుడు ఆమెకు మనుమడు పుట్టిండు.”

“నీకెట్ల తెలుసు?”

“నరేశ్ చెప్పిండు.”

“నువ్వు అడుగుతవు, గాయిన చెప్తడు. మానుకోటల అత్తగారింట్ల ఆమె కాలు బెణికితే సుత నీకు తెలుస్తది. ఇంట్ల నాకు జరమొస్తే ఏ గోలీ వేసుకుంటనో తెల్వది నీకు.”

“జర మెల్లగ. పక్క చేన్ల మనుషులున్నరు.”

“ఉండనీ. గా ఇంటిపేరు అడ్డం వచ్చింది కాబట్టే నేను నీ ఇంట్ల ఉన్న. ఇప్పుడు గది అడ్డమే కాదని తేలితే నేను ఎవర్ని?”

“నా పెండ్లానివి.”

“రిపోర్టు వచ్చిందా?”

“రాలే.”

“వచ్చిందా అంటున్న.”

“వచ్చింది, మొన్న. ఒక్కటే అని వచ్చింది. నాది, నరేశ్‌ది ఒకటే వంశం. మా తాత అసలు బానోతే. జమున నాకు చెల్లెనే. సాలునా? ఇగ ఏరు.”

“నా మొకం చూసి చెప్పు.”

“చెప్పిన గద.”

“పత్తిని చూసుకుంట చెప్పినవు. రాత్రి నీ ఫోన్ సౌందర్యతోని చదివిచ్చిన. మీ ఇద్దరిది జర్రంత సుత కలుస్తలేదట.”

“తెలిసి గూడ ఎందుకు అడిగినవు?”

“నువ్వేం చెప్తవో అని.”

“నీకు బాధైతదని అబద్ధం చెప్పిన.”

“నా బాధ కోసమా, నీ బాధ కోసమా?”

“ఏమో గోరీ. నరేశ్‌కు సుత ఇంకా చెప్పలే. చెప్తే ఆమెకు తెలుస్తది.”

“ఆమె వచ్చింది.”

“ఏంది?”

“అన్న ఇంటికి వచ్చిందట. పొద్దున నువ్వు మందు డబ్బా కోసం స్టేషన్ ఘన్‌పూర్ వోయినప్పుడు మనింటికి వచ్చింది. కూసోకుండనే అడిగింది, ఏమని తేలింది వదినా అని.”

“నువ్వేం చెప్పినవు?”

“ఇప్పుడు నువ్వు నాకు చెప్పిందే. ఒకటే వంశం, నువ్వు ఆయనకు చెల్లెవే అని.”

“గోరీ.”

“ఆమె మొకం మాడిపోతె చూడాలనుకున్న. కండ్లార చూడాలనుకున్న.”

“ఏమన్నది?”

“మమ్మల్ని ఆపినోళ్లు అన్యాయం చెయ్యలే, ఇగ నాకు నిద్రవడ్తది వదినా అని నన్ను పట్టుకొని ఏడ్చింది. నువ్వు సుత ఏడువు, నేను అటు తిరుగుత.”