సీసాలో పంపిన నూనె

కొవ్వూరు రేవులో కట్టేసిన లాంచీలో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ఇంజను మెకానిక్కు. రెండోవారు, ఇదే లాంచీని ఖాళీగా, ఒంటరిగా తెస్తూ వరదలో గల్లంతైన సరంగు భార్య.

“వదినగారూ, మనం సీసాలో పంపిన ఈ ఇంజను నూనె ల్యాబ్‌లో పరీక్ష చేశారండి. ఇనుప రజను లేదంట, మాడలేదంట. ఇంకో నెల వాడినా ఇబ్బంది లేదన్నారు.”

“ఆయన ప్రతి అమావాస్యకీ మార్చేసేవారు. ఇంజనుకి తలంటు పోస్తున్నాడని మీరంతా నవ్వేవారు.”

“నవ్వామండి. పోయాకేమో, నూనె మార్చక ఇంజను పట్టేసిందన్నాం.”

“పట్టెయ్యకపోతే నడి గోదాట్లో ఎందుకాగిపోయింది?”

“ఆగిపోలేదండి. ఆయనే ఆపారు. లాంచీ దొరికినప్పుడు ఆపే లీవరు లాగేసే ఉంది. మేమే పట్టించుకోలేదు.”

“అంత వరదలో ఏ సరంగైనా ఇంజను ఆపుతాడా?”

“ఒక్కందుకు ఆపుతారండి. నీళ్ళలో మనిషి కనబడితే, లాంచీ కింద తిరిగే ఫ్యాను తగలకుండా.”

“ఆ రోజు ఇంకెవరైనా నీళ్ళలో పడ్డారా?”

“లేదండి. రెండు గట్ల మీదా అడిగాం. ఆయనొక్కరే.”

ఆమె నీళ్ళకేసి తిరిగింది.

“చెయ్యి చాపితే వదిలేసి వచ్చే మనిషి కాదాయన. మరి అక్కడ చెయ్యి చాపిందెవరు, అన్నయ్యగారూ?”