వరప్రసాదం గారి చెక్క తూనీగ

1994వ సంవత్సరం జూలై 18వ తేదీ, సోమవారం ఉదయం, ఒక చేత ట్రంకుపెట్టె, మరొక చేత అట్టపెట్టె పట్టుకుని ఉదయగిరి బస్టాండులో దిగిన ముప్పై ఏళ్ల యువకుడు శ్రీ వరప్రసాదం గారు అక్కడి జూనియర్ కళాశాలలో జంతుశాస్త్ర అధ్యాపకులుగా విధుల్లో చేరారు. ట్రంకులో బట్టలు, అట్టపెట్టెలో తూనీగ రెక్కలు. ట్రంకును బస్సు టాపు మీదికి ఎక్కించి, అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆయన ప్రయాణం చేశారని, దారిలో వాన పడి బట్టలన్నీ తడిసినా చింతించలేదని, తొలిరోజు తడి చొక్కాతోనే సంతకం చేశారని నాటి సహోద్యోగులు నేటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ప్రాణం తీసి పాఠం చెప్పకూడదన్నది వారి నియమం. సాలెగూళ్ల కింద, వరండా దీపాల కింద రాలిన రెక్కలనే ఏరి తెచ్చి, పోస్టుకార్డుల మీద అతికించి, తేదీ, చోటు రాసి భద్రపరిచేవారు. కార్డు చేతిలో లేనప్పుడు ఏ పుస్తకం దొరికితే దానిలో దాచేవారు. “చర్చిలో కీర్తనల పుస్తకం తెరిస్తే చాలమ్మా, ఒళ్లో రెక్క రాల్తాది. ఈయన భక్తి దేవుడి మీదో, తూనీగల మీదో నాకింకా తెలీలేదు” అని వారి సతీమణి శ్రీమతి రెబెకమ్మ గారు వాపోవడం మనలో చాలామంది విన్నదే.

నాలుగు రెక్కలతో ఎగిరే ప్రతిదీ మనకు తూనీగే గాని, వారికి అందులో రెండు తెగలు. పెద్ద తూనీగకు ముందు రెక్క కంటే వెనుక రెక్క మొదట్లో బాగా వెడల్పు. వాలినప్పుడు సైతం రెక్కలు చాచుకునే ఉంటుంది. సన్న తూనీగకు నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే తీరు. ఒంటిని అంటుకునే చోట కాడలా సన్నబడి ఉంటాయి. వాలగానే చాలావరకు వీపు మీదికి ముడుచుకుంటుంది. పెద్దవాటిలోనూ అన్నిటిదీ ఒక పోలిక కాదు. వానల కాలంలో గుంపులుగా వచ్చే పసుపు తూనీగలకు వెనుక రెక్క మరీ వెడల్పు, అందువల్లనే అవి రెక్క ఆడించే శ్రమ లేకుండా గాలిమీద తేలుతూ దూరతీరాలకు పోగలుగుతాయి. ఈ ప్రసంగం మొదలైతే వారి టీ చల్లారడం, మన బస్సు తప్పిపోవడం ఖాయం.

2003లో నెల్లూరు వైజ్ఞానిక ప్రదర్శనకు, వెనుక బెంచీకి సైతం కనపడేంత పెద్ద తూనీగను చెక్కతో చేయించాలని వారు సంకల్పించారు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే నిపుణులకు కొదవా? వారిలో ఒకరైన కామయ్య గారికి బొమ్మ గీసి ఇచ్చారు. బయలుదేరే ముందటి సాయంత్రం తూనీగ చేతికందింది. ఆ నునుపు, ఆ మెరుగు, నరనరమూ గీసిన ఆ పనితనం చూసి వరప్రసాదం గారు పరవశించి, గోనెపట్టాలో చుట్టించి, ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, వరికుంటపాడు వాస్తవ్యులు జయపాల్ గారి కుమార్తె జెస్సీ చేతికి అప్పగించారు.

మరునాడు న్యాయనిర్ణేత ఆ తూనీగను అటూ ఇటూ తిప్పి చూసి, “వెనుక రెక్క ఇట్లా ఉంటాదా పాపా? మీ ఊర్లో తూనీగల్లేవా?” అని అడిగారు. హాలంతా ఘొల్లుమంది. కామయ్య గారు నాలుగు రెక్కలనూ ఒకే కొలతకు చెక్కి, ఒక్కొక్కదానికి మొదట్లో చక్కగా గరిటెకున్నట్టు పిడి పెట్టారు. పెద్ద తూనీగ ఒంటికి సన్న తూనీగ రెక్కలు! అప్పుడు పది అడుగుల దూరంలోనే ఉన్న మన వరప్రసాదం గారు, తప్పు పిల్లది కాదు, నాది అని ఒక్క మాట అనవలసింది. నోరు పెగల్లేదు. ముప్పై రెండేళ్ల సేవలో తాను సిగ్గుపడే క్షణం అదొక్కటేనని వారే స్వయంగా ఎన్నోసార్లు చెప్పారు గనుక, ఈ వీడ్కోలు సంచికలో దానిని ప్రస్తావించే సాహసం చేస్తున్నాము.

తిరిగి వచ్చాక కామయ్య గారిని అడిగితే, “సెట్టు అన్నాక నాలుగూ ఒకే సైజు ఉండాల గదా సార్! ఎచ్చుతగ్గులుంటే గిరాకీ ఒప్పుకుంటాడా? పిడి లేకుండా చెక్కమంటే నా చెయ్యి వినలేదు” అన్నారట. ఆయనను కోపగించడానికి ఏముంది? సరిచూడవలసినవారు సరిచూడలేదు.

జెస్సీ వారం రోజులు కళాశాలకు రాలేదు. ఆదివారం ఆరాధన ముగియగానే వరప్రసాదం గారు వరికుంటపాడు బస్సెక్కారు. జయపాల్ గారు మంచం వాల్చి కూర్చోబెట్టి, “నలుగురిలో నవ్వులపాలైనాక ఇంక బైపీసీ వద్దంటా ఉండాది సార్. వేరే గ్రూపుకు మార్చేయండి” అన్నారు. వరప్రసాదం గారు ఆ బాలిక వైపు తిరిగి, “తప్పు నాదమ్మా. ఆడనే చెప్పాల్సింది, చెప్పలేకపోయినాను. నన్ను మన్నించు” అన్నారు. అప్పుడా బాలిక అన్న మాట వారి మనసులో ములుకులా నాటుకుంది: “పుస్తకంలో వేరేగా ఉండాది సార్. నేను ముందే చూసినాను. కానీ మీరు చేయించినారు గదా, పుస్తకమే తప్పేమో అనుకున్నాను.”

మరునాడు కళాశాల ప్రార్థనా సమావేశంలో, అందరి ఎదుట, వారు ఆ తప్పును తన పేర ప్రకటించారు. జెస్సీ ఆ రోజు చివరి వరుసలో నిలబడి ఉంది, గ్రూపు మారలేదు. కామయ్య గారు వెడల్పు వెనుక రెక్కలతో మరో తూనీగను చెక్కారు. అయినా వరప్రసాదం గారు పాతదానిని పారేయక, “ఇది తప్పు. నేను సరిచూడలేదు. వరప్రసాదం” అన్న చీటీ అంటించి గోడకు తగిలించారు. అది మొదలు ఏటా మొదటి తరగతి దానితోనే ఆరంభం: “నా మాట నమ్మబాకండి, రెక్క చూడండి.”

2009లో పదోన్నతిపై ఆత్మకూరులోని మన కళాశాలకు విచ్చేసినప్పుడు, సొంతంగా చేయించుకున్నవి గనుక రెండు తూనీగలనూ వెంట తెచ్చి, ప్రయోగశాల రిజిస్టరులో ఎక్కించారు. పరీక్షల విభాగమైనా, జాతీయ సేవా పథకమైనా వారు అలవోకగా నిర్వహించారు. విద్యార్థులను సోమశిల జలాశయం గట్టుకు తీసుకెళ్లి తూనీగలను ఎగరనిచ్చి చూపించారు. ఆ మధ్య ప్రయోగశాలకు రంగులు వేయిస్తూ సహ అధ్యాపకురాలు సుస్మిత గారు, “రిటైరయ్యేటప్పుడు ఇదెందుకు సార్, ఈ చీటీ తీసేస్తాం” అంటే, వారు ఎన్నడూ లేనంత గట్టిగా, “తీయబాకమ్మా! అది తీసేస్తే ఆ పాప ఊరికే నవ్వులపాలైనట్టు మిగిలిపోతాది” అన్నారు.

ఈ మార్చి 31న వారు పదవీ విరమణ చేస్తున్నారు. గత వారం ప్రయోగశాల చార్జి అప్పగించే జాబితా సిద్ధమైంది. సూక్ష్మదర్శినులు, గాజు సీసాలు, పన్నెండు వందల నలభై రెక్కల కార్డులు, అన్నీ అయ్యాక, చిట్టచివర వారి చేతిరాతలో ఇలా ఉంది: “చెక్క తూనీగ, ఒకటి, సరైనది. చెక్క తూనీగ, ఒకటి, తప్పు.” వారి స్థానంలోకి కొత్తగా బదిలీపై వచ్చిన జంతుశాస్త్ర అధ్యాపకురాలు ఆ రెండింటినీ గోడ మీదినుంచి దింపించి, నాలుగేసి రెక్కలనూ వేలితో తడిమి, పిడి దగ్గర కాసేపు ఆగి, చీటీని చదివి, జాబితా అడుగున రాశారు: “అన్నీ సరిచూసి తీసుకున్నాను. జె. జెస్సీ.” వరప్రసాదం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ సంతకాన్ని మళ్లీ చదువుకున్నారు.

శ్రీ వరప్రసాదం గారు రెబెకమ్మ గారితో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో, చెదరని కంటిచూపుతో, ఇంకా ఎన్నెన్నో వానాకాలాలు సోమశిల గట్టున కూర్చుని పసుపు తూనీగల రాకను కళ్లారా చూడాలని, కీర్తనల పుస్తకంలోంచి రెక్కలు రాలుతూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. చీటీ గురించి వారు బెంగపడనక్కర లేదు. జెస్సీ గారు దానిని తప్పు తూనీగతో సహా మళ్లీ గోడ మీది పాత మేకుకే తగిలించారు.