ఉత్తరం వెనక వైపు

సభకు అధ్యక్షత వహిస్తున్న ఈ హాలు యజమాని గారికీ, ముందు వరుసలో కూర్చున్న మా అత్తగారికీ మామగారికీ, వాళ్ల పక్కన కూర్చుని నా వంక చూడకుండా ఫోను చూసుకుంటున్న మా ఆయనకూ, మూడో వరుసలో స్తంభం పక్కన కూర్చోబెట్టిన కళ్లజోళ్ల దుకాణం ఆవిడకూ, ఇవాళ్టితో మైకు వదిలేస్తున్న మా వదినకూ, మీ అందరికీ నమస్కారం.

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు మాట్లాడటం రాదు కనుక రాసుకొచ్చాను. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, మధ్యలో ఆగితే కూడబలుక్కుంటున్నానని అనుకోండి. ఐదో తరగతితో బడి మానినదాన్ని, తప్పులుంటాయి. ఆ సంగతి మీకు నేను చెప్పాలా? ఏడేళ్లుగా టికెట్టు కొనుక్కుని మరీ నవ్వుతున్నారు. (నవ్వులు)

అవును, ఆ మరదలిని నేనే. (చప్పట్లు, ఈలలు)

ఈల వేసిన అన్నయ్యగారూ, కాస్త ఓపిక పట్టండి. నన్ను ఇక్కడికి పిలిచిందే ఆ ఉత్తరం నా నోటితో చదవడానికి. వదిన ఇందాక దాన్ని నా చేతికిచ్చింది. మెట్లెక్కుతుంటే మా ఆయన కాగితం తిప్పి చూసి చెవిలో అన్నారు: "ముందు వైపు చదువు, నవ్వించు, దిగిపో. వెనక వైపు జోలికి పోకు." ఏం చేస్తానో నాకే తెలియదు. ముందు వదిన సంగతి చెబుతాను.

పద్దెనిమిదేళ్ల కిందట ఆమె పగలంతా బీమా ఆఫీసులో టైపు కొట్టి, సాయంత్రం ఈ హాలుకొచ్చి, ఐదు నిమిషాలు మైకు ఇమ్మని అడిగిందట. "ఆడపిల్లవి, జోకులేం వేస్తావమ్మా, ఓ పాట పాడు," అన్నారట యజమాని గారు. "నేను పాడితే మీరు ఏడుస్తారు సార్," అందట వదిన. ఆ ఒక్క మాటకు ఐదు నిమిషాలు దొరికాయి. ఇందాక ఆయన, ఈమెను కనిపెట్టింది నేనేనని ఇరవై నిమిషాలు చెప్పారు. (నవ్వులు) కోప్పడకండి సార్, ఇక్కడికొస్తే నాకూ నోరు లేస్తోంది.

పెద్ద కంపెనీల వాళ్లు పార్టీలకు పిలిచి, "ఆ విషయం ఒక్కటీ ఎత్తకండి మేడం," అనేవారు. ఆమె గంటసేపు వాషింగ్ మెషీను గురించి మాట్లాడి వచ్చేది. ఒక ఊళ్లో ఎవరో నీళ్ల సీసా విసిరితే మూత తీసి తాగి, "అడక్కుండానే ఇచ్చారు, మర్యాదస్తులు," అందట. ఆ సీసా తగిలిన భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. చెయ్యి ఊపమంటే ఎడమ చెయ్యి ఊపుతుంది, చూడండి.

నా పెళ్లిలో అందరూ నాకు బుద్ధులు చెబుతుంటే, ఈమె ఒక్కతే వంగి, "భయపడకే పిల్లా, మా వాడికి గురక తప్ప వేరే విద్య రాదు," అంది. (నవ్వులు) ఆ రోజు నేను నవ్విన నవ్వు అదొక్కటే.

పెళ్లైన ఏడాదికి ఆమె ఇక్కడే నిలబడి, "మా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అన్నీ అబ్బాయిల ఫోటోలే. ఒక్క అమ్మాయి ఫోటో అయినా చూపించరే, ఇదేం అన్యాయం!" అంది. ఆ వీడియో ఆదివారం భోజనాల వేళకు మా ఇంటికి చేరింది. మామగారు చెయ్యి కడుక్కుని, గోడ మీద ఆమె ఫోటో తీసేశారు. మేకు మిగిలింది. అత్తగారు దానికి కూరల సంచి తగిలించారు. ఆ తర్వాత ఇంట్లో ఆమె పేరు లేదు, "ఆ మనిషి" అనేవారు.

ఆమెకు తోడుగా ఒకావిడ ఉందని నాకొక్కదానికే చెప్పి ఉంది. అప్పుడు నేను నోటుపుస్తకంలో కాగితం చింపి, ఎవరికీ తెలియకుండా ఉత్తరం రాశాను. "వదినా, నీకొక తోడు దొరికింది, చాలు," అని రాశాననుకున్నాను. ఒక దీర్ఘం, ఒక కొమ్ము మరిచిపోయాను.

(సభలోంచి: "తొడ!" పెద్ద నవ్వులు)

అదే. మీకు కంఠతా వచ్చు. "నీకొక తొడ దొరికింది, చాలు" అని వదిన చదివి, "మా ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నది ఈ పిల్ల ఒక్కతే!" అంది. చివర నేను "చదివి తగలబెట్టెయ్యి" అని రాస్తే అదీ చదివింది. దానికి మీరు ఇంకా ఎక్కువ నవ్వారు.

మా వదినకు మరదలిని నేనొక్కదాన్నే. నా పేరు చెప్పనక్కర్లేకపోయింది. నా ఫోను అత్తగారి బీరువాలోకి వెళ్లింది. మా ఆయన ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. మాంసం కొట్టతను నన్ను చూసి, "ఏ ముక్క కావాలి చెల్లెమ్మా?" అని పళ్లికిలించాడు. నవ్వు నాలుగు విధాల చేటంటారు. వదినకు ఆ నవ్వు పేరు తెచ్చింది. ఆ నాలుగు చేట్లూ నాకొచ్చాయి.

ఇదిగో, ఇప్పుడు కాగితం తిప్పుతున్నాను. మా ఆయన ఫోను పక్కన పెట్టారు.

"వదినా, మొన్న నాకు కడుపు పోయింది. నాలుగో నెల. మళ్లీ వస్తుందిలే, లేచి ఆ గిన్నెలు తోము అన్నారు. రెండు రోజులు మీ ఇంట్లో పడుకోనిస్తావా? ఎవరూ లేపకుండా పడుకోవాలని ఉంది."

(ముందు వరుసలో కుర్చీ జరిగిన చప్పుడు)

ఈ వైపు ఎన్ని తప్పులున్నాయో నాకు తెలియదు. ఎవరూ చదివి వినిపించలేదు కదా.

ఉత్తరం అందిన మర్నాడే కళ్లజోళ్లావిడ మా గేటు దగ్గరికొచ్చింది. "మీ కోడల్ని రెండు రోజులు తీసుకెళ్దామని వచ్చానమ్మా," అంది. "అసలు నువ్వు మాకేమవుతావు?" అన్నారు అత్తగారు. ఆవిడ చెప్పులు విడవబోయి మళ్లీ తొడుక్కుంది. చివరికి, "స్నేహితురాలినండి," అంది. "స్నేహాలు వీధిలో చేసుకోండి," అని గేటు వేశారు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. నేనే అడిగానని ఒక్క మాట అనలేకపోయాను. ఆ తప్పు నాది.

మరి వదినకు వెనక వైపు సంగతి తెలుసు. తెలిసే, పది రోజుల తర్వాత ముందు వైపు చదివింది. నా ఫోను తిరిగి చేతికొచ్చాక ఒకసారి అడిగాను. "నవ్వొచ్చే వైపే మైకుకు పనికొస్తుందే పిల్లా," అంది. తర్వాత, తిన్నావా అని రెండుసార్లు అడిగింది.

టీవీలో కనిపించాక ఆమె ఫోటో మళ్లీ ఆ మేకుకే ఎక్కింది. "మా వాళ్లు మంచివాళ్లైపోయారు, ఇక నాకు సరుకు లేదు," అని ఇందాక మీతో అంది. నవ్వారు. అంత మంచివాళ్లమైతే, ఇన్నేళ్లూ ఆమె గొంతుకు వేడినీళ్లు కాచిన మనిషి స్తంభం పక్కన ఎందుకుంది? ఆహ్వానంలో ఆవిడ పేరు పక్కన "స్నేహితురాలు" అని ఎవరు వేయించారు?

అత్తయ్యా, ఆ రోజు గేటు దగ్గర మీరు అడిగినదానికి ఏడేళ్లు ఆలస్యంగా నేను జవాబు చెబుతున్నాను. ఆవిడ మా వదినకు తోడు. త కు దీర్ఘం ఉంది, డ కు కొమ్ము ఉంది. ఈసారి సరిచూసుకునే రాశాను.

నవ్విన మీ అందరికీ, పిలిచిన యజమాని గారికీ కృతజ్ఞతలు. ఈ ఉత్తరం నేను వదినకు తిరిగివ్వను. గేటు దాకా వచ్చినావిడకు ఇస్తాను. వదినా, నీకు ఈ ప్రసంగం కాగితం ఇస్తున్నాను. దీనికీ రెండు వైపులున్నాయి. రెండూ చదువు. ఆ తర్వాత, ఈసారైనా, తగలబెట్టెయ్యి.

సెలవు.