అద్దె కారు మీద జానెడు గీత

"గీత అని తేలిగ్గా అనేశావు గానీ చెల్లెమ్మా, దాని వెనక ఎంత కథ ఉందో తెలిస్తే చేతిలో గ్లాసు వదిలేస్తావు," అన్నాడు పెదనాన్న.

టీకొట్టు ఆవిడ గ్లాసు వదల్లేదు. కడిగి బల్ల మీద బోర్లించింది.

కారు రోడ్డుకి అవతల, అద్దెకార్ల ఆఫీసు ముందు నిలబెట్టి ఉంది. కొత్త కొట్టుకి నా కుట్టుమిషన్లు చేరేయడానికి రెండు రోజులకి తీసుకున్నాను. పొద్దున పెట్రోలు పోయించుకొస్తానని పెదనాన్న ఒక్కడే వెళ్ళి, "చిన్న దెబ్బ తగిలిందే అమ్మడూ" అంటూ తిరిగొచ్చాడు. చూస్తే వెనక తలుపు మీద జానెడు గీత. కారుకి కట్టిన డిపాజిట్ వెనక్కొస్తేనే నేను కొట్టు అద్దె కట్టగలను. లేకపోతే మిషన్లు మళ్ళీ ఇంటికే. ఆఫీసు గుమాస్తా ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, ఆగమని చెయ్యి చూపించాడు. నా టీ ముట్టుకోకుండానే చల్లారిపోయింది. పెదనాన్నది మాత్రం రెండో గ్లాసు.

"బీమా ఉంటుందిగా అన్నయ్యా?" అంది ఆవిడ.

"ఉంటుంది, ఉండి ఏం లాభం? ఎక్సెస్ అని ఒకటి పెట్టారు. దెబ్బ తగిలితే ముందు మన వాటా మనం కట్టాలి, అది దాటిన ఖర్చే వాళ్ళది. అంటే గీత పడితే మనం ఏడవాలి, బండి నుజ్జయితే వాళ్ళు ఏడవాలి. కాబట్టి నేనేమంటానంటే, దెబ్బ ఎంత పెద్దదైతే మనకి అంత మంచిది. ఆ లెక్కన మనది మామూలు దెబ్బ కాదు!"

పక్క బల్ల మీద పేపరు చదువుతున్న లెక్కల మాస్టారు కళ్ళజోడు పైకి తోసి కారు వైపు చూశారు. "దేనికి తగిలించారేంటి?"

"స్కూటరండీ, చిన్న స్కూటరు. ఒకాయన వెనక కోడిగుడ్ల అట్టలు కట్టుకుని అడ్డంగా వచ్చేశాడు. నా స్థానంలో ఇంకొకడైతే రోడ్డంతా ఆమ్లెట్టే. నేను ఇలా, ఇదిగో ఈ ఒక్క వేలితో స్టీరింగు ఓ తిప్పు తిప్పాను, ఒక్క గుడ్డు చిట్లలేదు. ఆయన దిగొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని... సరే అది వదిలేయండి, నా గొప్ప నేను చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా రోడ్డు రోలరు!"

"రోడ్డు రోలర్ని తప్పించుకోవడానికి కారెందుకండీ? నడిచి వెళ్ళినా చాలు," అన్నారు మాస్టారు.

"డ్రైవరుంటే మీరన్నట్టే మాస్టారూ. వాడు టీకి దిగాడు, బ్రేకు వెయ్యడం మర్చిపోయాడు, అదేమో ఏటవాలు రోడ్డు. దొర్లుకుంటూ వస్తోంది మీదికి. ఇవతల గోడ, అవతల కాలవ. ఏం చెయ్యను? బండిని రెండు చక్రాల మీద లేపాను. రెండు నేల మీద, రెండు గాల్లో, గోడ పక్కనుంచి సన్నగా జారుకుంటూ పోతున్నాను. గోడ మీద కూర్చున్న స్కూలు పిల్లలు ఒకటే చప్పట్లు. వాళ్ళకి చెయ్యి కూడా ఊపాను, పిల్లల్ని చిన్నబుచ్చకూడదుగా."

"మరి బండిలో సామాను?" అంది ఆవిడ.

"కదలనిస్తానా!"

సామాను నిన్ననే దింపేశాను. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ ఊరుకున్నాను.

ఈలోగా గుమాస్తా ప్యాడు చంకలో పెట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. ఒక టీ చెప్పి మా వెనకే నిలబడ్డాడు. పెదనాన్న ఓరకంట చూసి గొంతు పెంచాడు. దెబ్బ ఇంకా పెద్దది కావాలి కదా.

"గోడ అయిపోయిందా, వంతెన వచ్చింది. వంతెనంటే సగమే, మిగతా సగం కడుతున్నారు. ఆగుదామంటే వెనక రోలరు. అది తిరిగి నా వెంటే పడింది లెండి, ఎందుకు పడిందో దాన్నే అడగాలి. సరే, పెట్రోలు ఎలాగూ నిండుగా ఉంది కదా అని తొక్కాను ఒక్క తొక్కు. బండి గాల్లోకి లేచింది! ఎంతసేపు గాల్లో ఉన్నానంటే మాస్టారూ, రేడియోలో పాట మొదలై పల్లవి అయిపోయింది, చరణం కూడా అయిపోయింది. కింద పడవలో ఒకాయన తలెత్తి, టైమెంతయిందండీ అని అడిగాడు. ఎనిమిదింపావు అన్నాను. అడిగిన మనిషికి చెప్పకుండా పోతే ఏం బావుంటుంది?"

"ఏం బావోదు," అన్నారు మాస్టారు పేపరు మడుస్తూ.

"దిగానా, దిగడం ఎక్కడా? గూడ్సు రైలు మీద! బొగ్గు మీద కూర్చుంది బండి. రెండు స్టేషన్లు అలాగే పోయాను. టికెట్ కలెక్టరు పాక్కుంటూ వచ్చి టికెట్ అడిగాడు, ఉద్యోగం కదా పాపం, అడగడా మరి? పెట్రోలు రసీదు చూపిస్తే తిప్పి తిప్పి చూసి, సరే కూర్చోండి అన్నాడు. ఆ రైలు మీంచి బండిని కిందికి దూకించేటప్పుడు, అదుగో అప్పుడు, సిగ్నల్ స్తంభం అలా రాసుకుంది. ఇప్పుడు చెప్పండి, ఇంత ప్రమాదానికి ఎక్సెస్ కట్టమనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? మొత్తం బీమా వాళ్ళే పెట్టుకోవాలి. అవునా కాదా బాబూ?" అంటూ గుమాస్తా వైపు తిరిగాడు.

గుమాస్తా టీ ఊదుకున్నాడు. "ప్రమాదం ఎంత పెద్దదైనా మొదటి వాటా మీదేనండీ."

"రైలెక్కినా?"

"విమానమెక్కినా అంతే."

పెదనాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

గుమాస్తా జేబులోంచి ఫోన్ తీశాడు. "కానీ ఇదేంటో నాకు అర్థం కావడం లేదు సార్. బండి ఇచ్చిన రోజు, మేడం లోపల సంతకాలు పెడుతుంటే నేను చుట్టూ ఫొటోలు తీసుకున్నాను. వెనక తలుపు చూడండి."

చూశాం. అదే తలుపు, అదే గీత.

"పాత గీతకి మీరు పైసా కట్టక్కర్లేదు. కానీ ఇంతమంది ముందు పెద్ద ప్రమాదమే జరిగిందంటున్నారు. జరిగితే బండి షెడ్డుకి పంపి అడుగునంతా చూపించాలి, అందాకా డిపాజిట్ ఆపాలి. జరగలేదంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. ఏం రాసుకోమంటారు?"

నాకు బుద్ధి తెలిశాక పెదనాన్న ఒక్క కథనైనా వెనక్కి తీసుకోవడం చూళ్ళేదు. నా చిన్నప్పుడు ఆయన గొడుగు అడ్డం పెట్టి ఆపిన తుఫాను ఉంది, మా ఇంట్లో ఇప్పటికీ అది ఆగిన తుఫానే. పెదనాన్న గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఒకసారి నా వైపు చూశాడు.

"జరగలేదు బాబూ. వెళ్ళాను, పోయించుకున్నాను, వచ్చాను. స్కూటరు కూడా లేదు."

"మరి పొద్దున దెబ్బ తగిలిందని ఎందుకన్నావు పెదనాన్నా?"

"నిన్న సాయంత్రం నువ్వొక్కదానివే తోలావు కదే. బంకులో దిగితే గీత కనపడింది. నువ్వే ఎక్కడో తగిలించి భయపడి చెప్పలేదేమో అనుకున్నా. కొట్టు తెరవకముందే నీకా ఏడుపెందుకు, నా మీద వేసుకుంటే పోలా అని..."

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "నన్నొక్క మాట అడగొచ్చుగా!"

"అడిగితే మాకీ కథ ఎక్కడిదమ్మా?" అంది టీకొట్టు ఆవిడ. మూడో గ్లాసు ఆయన ముందు పెట్టింది, ఆయన అడక్కుండానే.

గుమాస్తా రాయబోతూ ఆగాడు. "అయితే రోడ్డు రోలరు కూడా లేనట్టేనా సార్?"

అప్పటిదాకా వాలిపోయి ఉన్న పెదనాన్న తల లేచింది. "రోలరు లేదని నేననలేదే!"

"ఉందా? మరి తగిలిందా?" గుమాస్తా పెన్ను ప్యాడు మీద ఆనించాడు.

పెదనాన్న పెన్ను వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అబ్బే, తగల్లేదండీ," అన్నాడు. "పక్కనుంచి మర్యాదగా వెళ్ళిపోయింది."